మా పాత జీపులో నాగోబా జాతరకు

ఏమిటిది, పచ్చళ్ల పేజీ పక్కన ఈ పానాల గొడవేమిటి అనుకుంటున్నారా? అనుకోండి. ఇరవై నాలుగేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఆదివారం వచ్చిందంటే మా సారు లుంగీ ఎగ్గట్టి జీపు కిందికి దూరేవారు. నేను వంటింట్లోంచి "చాయ్ సల్లారుతుంది" అని కేకేసేదాన్ని. జీపు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, "పద్నాలుగు నంబరు పానా ఇటియ్యి" అనేది. ఇచ్చేదాన్ని. దాంతో ఏం చేస్తున్నారో ఒక్కనాడూ వంగి చూడలేదు. లుంగీకి అంటిన గ్రీజు మరకలు వదిలించడం ఒక్కటే ఆ జీపుతో నాకున్న చుట్టరికం.

అలాంటి నేను 2025 జనవరిలో, అరవై ఒకటో ఏట, అదే జీపును కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ దాకా నడుపుకుంటూ నాగోబా జాతరకు వెళ్లొచ్చాను. సుమారు 200 కిలోమీటర్లు. పక్క సీట్లో మా సారు, వెనక సీట్లో మా అబ్బాయి, వాడి ఒళ్లో సకినాల డబ్బా. ఎలా వెళ్లానో, దానికి ముందు ఆరు నెలలు ఇంట్లో ఏం చేశామో చెబుతాను వినండి. మీ వాకిట్లోనూ పాత బండి ఏదైనా ఉంటే పనికొస్తుంది.

వేపచెట్టు కింద రెండేళ్లు

మా సారు బడిపంతులు. మొదటి ఉద్యోగం ఉట్నూర్ దగ్గర ఒక గోండు గూడెం బడిలో. 1984లో కొత్త పెళ్లికూతురిగా నేను అక్కడికి చేరింది సర్వీసు జీపులోనే. లోపల పద్నాలుగు మంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద జొన్న బస్తాలు, వాటి మధ్య నా పెళ్లి పెట్టె. ఉత్తర తెలంగాణ ఆడవాళ్లకు జీపు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? బస్సు రాని ఊరి నుంచి అంగడికి పోవాలన్నా, పురిటికి ఆసుపత్రికి పోవాలన్నా, పండక్కి పుట్టింటికి పోవాలన్నా అదే దిక్కు. తర్వాత్తర్వాత కమాండర్ జీపులు వచ్చి, వాటిల్లో ఇరుక్కుని కూర్చోని వాళ్లు మా వైపు ఉండరేమో.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక, మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, మహీంద్రా వాళ్లు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. అలా యుద్ధం బండి మన పొలాల్లోకి, అడవుల్లోకి వచ్చింది. మాది ఆ వంశంలోదే, ఎం.ఎం. 540. ప్యూజో డిజైను డీజిల్ ఇంజన్, 2,112 సీసీ. ముందూ వెనకా కమాను కట్టలు. అవసరమైతే నాలుగు చక్రాలూ లాగుతాయి. 1998లో ఒక ప్రభుత్వ శాఖ వేలం వేస్తే సారు పాడుకున్నారు. ఉద్యోగం అప్పటికి కరీంనగర్‌కు మారింది కానీ, ఏటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోవాల్సిందే. పాత శిష్యులంతా అక్కడ కలుస్తారని.

2022 వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది నోటికి రాదు. ఒకటికి ఒకటి వస్తుంది. నీళ్లు కావాలంటే "తలుపు" అనేవారు. నాలుగు పాఠాలు గుక్కతిప్పుకోకుండా చెప్పిన మనిషి! కొన్నాళ్లకు విసుగొచ్చి నోరు విప్పడమే మానేశారు. జీపు వేపచెట్టు కింద ఆకులు రాల్చుకుని కూర్చుంది.

మా అబ్బాయి పాపం మంచి మాటే చెప్పాడు. "అమ్మా, ఎవరు నడుపుతరే దీన్ని? తుక్కుకు అమ్మేద్దాం" అన్నాడు. తుక్కు కొనే అతను వచ్చి టైరును కాలితో తన్ని ధర చెప్పాడు. వరండాలో మంచం మీదున్న సారు చేతికర్రతో నేల మీద టక్కున కొట్టారు. "ఒద్దు!" అన్నారు.

ఎనిమిది నెలల్లో నేను విన్న మొదటి తేట మాట అది.

జీపు బాగుచేస్తే మనిషి బాగవుతాడని ఏ డాక్టరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను: మాట్లాడించాలంటే ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి కదా. కూర ఏం చేయను అంటే తలూపుతారు. జీపు గురించి అడిగితే తలూపితే సరిపోదు.

వంటింటి చదువే

మొదలుపెట్టేసరికి మరో ఏడాది దాటింది. జీపు తలుపు తీస్తే సీటు స్పాంజిలో చిట్టెలుక సంసారం. వైర్లు కొరికేసింది. టాపు గుడ్డ చీలికలు. బ్యాటరీ ప్రాణం పోయి చాలా రోజులైంది. సారును కుర్చీలో చెట్టు కింద కూర్చోబెట్టి, ఎడమ చేతికి కర్ర ఇచ్చి, "చెప్పండి, ఎక్కడ మొదలుపెడదాం?" అన్నాను. కర్ర బ్యాటరీ వైపు తిరిగింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఒక గంట. చేస్తూ చేస్తూ నాకు తెలిసింది ఏమిటంటే, ఈ పనుల్లో సగం మనకు వచ్చినవే. పేర్లే వేరు.

బ్యాటరీ కొత్తది కొన్నాం. దాని తీగల కొసలకు తెల్లగా, పచ్చగా బూజులాంటి పొరలు పట్టాయి. వేణ్నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే బుసబుస పొంగి పోయింది. ఆరాక కొంచెం వాజలీన్ రాశాను. ఒక్కటి గుర్తుంచుకోండి: తీసేటప్పుడు ముందు మైనస్ తీగ తీయాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి. పానా ఇనుముకు తగిలి నిప్పురవ్వలు రాకుండా.

రేడియేటర్లో నీళ్లు చింతపండు పులుసు రంగులో ఉన్నాయి. కింద కుళాయి విప్పి, పైనుంచి నీళ్లు పోస్తూ తేటగా వచ్చేదాకా కడిగాను. బియ్యం కడుగు పారబోసినట్టే. తర్వాత కూలెంట్ కలిపిన నీళ్లు నింపాం. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత తీయకండి. విజిల్ మీదున్న కుక్కర్ మూత తీస్తామా? అంతే ఇదీ.

డీజిల్ సంగతి పంపు స్టవ్ వాడిన వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. కిరసనాయిలు స్టవ్ నిప్పల్‌లో నలక పడితే మంట ఎర్రగా, పొగగా వచ్చేది గుర్తుందా? పిన్ను పెట్టి పొడిచేవాళ్లం. డీజిల్ ఇంజన్‌కు నాజిళ్లు ఉంటాయి. అక్కడిదాకా నలక పోకుండా ఫిల్టరు అడ్డం. పాత డీజిల్ తీసేసి ఫిల్టరు మార్చాం. మార్చినప్పుడు పైపుల్లో గాలి చేరుతుంది. గాలి ఉంటే ఇంజన్ అందుకోదు. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ పోతే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేట డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించేయడమే. సారు బుడగలు చూస్తూ "ఇంకా... ఇంకా..." అనేవారు. ఆగినప్పుడు "సాలు." రెండు మాటలూ సరైనవే. నేను లెక్కపెట్టుకున్నాను.

ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. అంతకంటే దిగితే వదులు. చక్రం నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. దోమతెర ఒక మూల పూర్తిగా లాగి కట్టేస్తే రెండో మూల అందదు చూడండి, అలాగే. నా చేతి బలం చాలక చక్రం పానా పిడికి రెండడుగుల ఇనప పైపు తొడిగాను. సారు దాన్ని చూసి నవ్వారు. ఇన్నేళ్లు ఆయన ఒంటి బలంతో తిప్పినదాన్ని నేను కూర్చుని తిప్పాను.

కమాను కట్టల చివర్లలో, పొడుగు షాఫ్టు జాయింట్లలో చిన్న చిన్న మొటిమల్లాంటి నిప్పల్స్ ఉంటాయి. గ్రీజు గన్ పెట్టి పాత గ్రీజు నల్లగా బయటికొచ్చేదాకా కొట్టాలి. మా నాన్న ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవాడు. కందెన లేకపోతే బండి ఊరంతా వినేలా ఏడ్చేది. జీపూ అంతే, కాకపోతే మెల్లగా ఏడుస్తుంది. వినడం నేర్చుకోవాలి.

టాపు గుడ్డ మాత్రం పూర్తిగా నా రాజ్యం! పాత టాపు కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, వాటినే కొలతగా పెట్టి కొత్త మందపాటి కాన్వాసు కత్తిరించాను. రవికె కొలతలకు పాత రవికె విప్పుకోమా? కాలితో తొక్కే మిషనుకు 18 నంబరు సూది వేసి, దారానికి మైనం రుద్ది కుట్టాను. నాలుగు పొరలు కలిసే మూలల్లో చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేశాను. పదకొండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో మా ఇంట్లో రోజూ పప్పుచారే.

ముట్టుకోని పనులు

అన్నీ మేమే చేశామని అనుకోకండి. బ్రేకులు, స్టీరింగు జోలికి పోలేదు. అవి మన ప్రాణాలతో పాటు ఎదుటివాళ్ల ప్రాణాలు కూడా. మా మెకానిక్ భాయ్ ఇంటికి వచ్చి బ్రేకు సిలిండర్లు, రబ్బర్లు కొత్తవి వేశాడు. విరిగిన కమాను పట్టీ మార్చడానికి కొలిమి ఉన్న దుకాణానికే తోలించాం. టైర్లు చూడ్డానికి గాట్లు బాగానే ఉన్నా, పక్కల పగుళ్లు వచ్చాయి. ఐదూ మార్చాం. డబ్బు అయింది, నిజమే. నా చీటీ డబ్బులు అందులోనే పోయాయి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు, తుక్కుకే పంపాలి. మాలాంటి సొంత బండి అయితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. పొగ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు సరేసరి. ఇంజన్ మార్చినా, బండి రంగు మార్చినా ఆర్టీవో ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. అందుకే పిల్లలు చెప్పిన పెద్ద పెద్ద హంగుల జోలికి మేం పోలేదు.

మేం చేసిన మార్పులు రెండే. జీపు నేలకు ఎత్తు. పడిపోయిన కాలితో సారు ఎక్కలేరు. పక్కన ఒక వెడల్పాటి మెట్టు, లోపల ఎడమ చేతికి అందేలా ఒక కడ్డీ పిడి వెల్డింగ్ చేయించాం. ఇనుము చల్లగా జారుతుందని పిడికి నూలు తాడు చుట్టాను. సీటులో కొత్త స్పాంజి వేసి, ఆయన పడిపోయిన వైపు ఒరగకుండా పక్కన దిండు కుట్టాను. మొదటిసారి ఎక్కినప్పుడు ఇరవై నిమిషాలు పట్టింది. ఎక్కి కూర్చుని, ముందున్న అద్దంలోంచి మా గేటును చూస్తూ అలాగే ఉండిపోయారు.

నడపడం మానేరు డ్యాం వైపు ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున నేర్చుకున్నాను. క్లచ్చు వదలడం చేతకాక జీపు కప్పలా గెంతేది. వాకింగ్‌కు వచ్చిన వాళ్లు పక్కకు తప్పుకుని నిలబడేవారు. లైసెన్సు తీసుకున్న రోజున మా అబ్బాయి ఫోన్లో చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనూ వస్తానమ్మా జాతరకు" అన్నాడు. నామీద నమ్మకంతో కాదు, భయంతో!

గోదారి దాటి

తెల్లారి ఐదింటికి బయల్దేరాం. జగిత్యాల సుమారు 50 కిలోమీటర్లు. నేను 50 దాటించలేదు. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయారు. ధర్మపురిలో ఆగి నరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. అక్కడ యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని మా వైపు అంటారు. మా సారు, మా జీపు ఇద్దరూ ఆయన గుమ్మం తొక్కి తిరిగొచ్చినవాళ్లే కనుక ఇద్దరి పేరా దణ్ణం పెట్టుకున్నాను.

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో అది నాలుగు ముక్కలైంది కాబట్టి ఇప్పుడు అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. లక్సెట్టిపేట మీదుగా జన్నారం చేరాం. జన్నారం మండలంలోనే గోదావరి ఒడ్డున హస్తినమడుగు ఉంది. నాగోబా అభిషేకానికి కేస్లాపూర్ నుంచి మెస్రం వంశం వాళ్లు కాలినడకన, చెప్పుల్లేకుండా వచ్చి నీళ్లు తీసుకెళ్లేది అక్కడి నుంచే. మేం చక్రాల మీద కూర్చుని అలిసిపోయామంటే సిగ్గేసింది.

అక్కణ్నుంచి కవ్వాల అడవి. 2012లో పులుల రిజర్వుగా ప్రకటించారు. రెండు పక్కలా టేకు చెట్లు, ఎండిన పెద్ద పెద్ద ఆకులు. ఇక్కడ ఆగకూడదు, హారన్ కొట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. నలభై ఏళ్ల కింద ఇదే దారిన బస్తాల మధ్య కూర్చుని భయపడుతూ వచ్చిన పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు డ్రైవరు ఎలా తిప్పుతున్నాడో చూడాలని కూడా తోచలేదు నాకు.

"కాల్చు"

ఉట్నూర్ దాటి కొంతదూరం పోయాక జీపు దగ్గడం మొదలుపెట్టింది. పెడల్ నొక్కుతున్నా బలం లేదు. పత్తి చేల పక్కన మెల్లగా ఆపుతుండగానే ఆగిపోయింది.

నాకు తెలిసిందే కదా అని బానెట్ ఎత్తాను. గాలి. చేతి పంపు కొట్టి బుడగలు తీశాను. అందుకుంది. కిలోమీటరు పోయి మళ్లీ ఆగింది. మళ్లీ తీశాను. మళ్లీ ఆగింది. మూడోసారి నా చేతులు వణికాయి. పొద్దు వాలుతోంది. మా అబ్బాయి, "బండి లాగేటోన్ని పిలుస్త" అని ఫోను తీశాడు.

కిటికీలోంచి సారు ఏదో అన్నారు. "కా... కాల్..."

కాలు లాగుతోందేమో అనుకున్నాను. పొద్దుటి నుంచి ఒకే తీరుగా కూర్చున్నారు మరి. పరుగెత్తి వెళ్లి కాలు పట్టబోయాను. ఎడమ చేత్తో నా చెయ్యి తోసేశారు. "కాల్... కాల్..." అంటున్నారు. ముఖం ఎర్రబడింది. కోపం. రెండేళ్ల కింద ఇలాగే కోపం వచ్చి, మాట రాక, నోరు మూసుకున్న మనిషి. నాకు జీపు గురించి బెంగ పోయింది. ఇప్పుడు నేను అర్థం చేసుకోలేకపోతే మళ్లీ మాట్లాడరేమో అని గుండె దడదడలాడింది.

"మెల్లగా చెప్పండి. మనకేం తొందర లేదు" అన్నాను. కర్ర అడిగి తీసుకున్నారు. ముందు ఫిల్టరు వైపు చూపించారు. తర్వాత వెనక సామాన్లలో చాయ్ కోసం తెచ్చుకున్న చిన్న గ్యాసు పొయ్యిని చూపించారు.

"కాల్చు."

అప్పుడు వెలిగింది నాకు. డీజిల్ పైపు ఫిల్టరుకు కలిసే బోల్టు కింద రెండు రాగి వాషర్లు ఉంటాయి. ఫిల్టరు మార్చినప్పుడు కొత్తవి వేయాలి. నేను పాతవే మళ్లీ వేశాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి కదా అని! రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. మళ్లీ బిగిస్తే ఒదగదు. ఆ సందులోంచి గాలి లోపలికి పోతోంది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. తప్పు నాదే, రోడ్డుది కాదు, జీపుదీ కాదు.

జీపుకు దూరంగా, గడ్డి లేనిచోట పొయ్యి పెట్టాం. వాషర్ల డీజిల్ తుడిచేసి, పట్టకారుతో ఒక్కొక్కటీ మంటలో పట్టుకున్నాను. ఎర్రబడ్డాక గ్లాసు నీళ్లలో చుయ్‌మని వేశాను. నల్లగా మాడాయి. రాగి నలుపు ఎలా పోగొట్టాలో మనకు ఎవరైనా చెప్పాలా? పులిహోరలోంచి చింతపండు తొక్కు ఏరి తోమాను. కడిగి, తుడిచి, బిగించి, బుడగలు తీశాను. కేస్లాపూర్ దాకా మళ్లీ దగ్గలేదు.

దారిలో మా అబ్బాయి వెనక నుంచి, "నాన్నా, అది నీకు ఎవరు నేర్పిన్రు?" అని అడిగాడు. జవాబు రాలేదు. కానీ సారు వాడి వైపు తిరిగి, ఆలోచించి ఆలోచించి, "అడివి" అన్నారు. సరైన మాటో, ఒకటికి ఒకటి వచ్చిందో నాకు తెలీదు. నేను మాత్రం సరైనదనే అనుకున్నాను.

ఇరవై రెండు పొయ్యిలు

ఇంద్రవెల్లిలో స్థూపం దగ్గర ఒక్క నిమిషం ఆగాం. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సారు అప్పుడు ఉద్యోగంలో కొత్త. ఆ సంగతి ఏనాడూ పెద్దగా మాట్లాడలేదు. చేతులు జోడించాలంటే ఇప్పుడు రెండో చెయ్యి రాదు. నేను ఎత్తి పట్టుకున్నాను.

కేస్లాపూర్‌లో దున్నిన చేలో బండ్లు నిలిపిస్తున్నారు. నల్లరేగడి మట్టిలో కార్లు చక్రాలు తిప్పుతూ కూర్చుంటే, నేను నాలుగు చక్రాల గేరు వేసి మెల్లగా లోపలికి పోయి నిలిపాను. గొప్పకు చెప్పడం లేదు... సరే, కొంచెం గొప్పకే!

మర్రిచెట్ల కింద ఎడ్లబండ్ల వరసలు. మెస్రం వాళ్లు వందల కుటుంబాలు వచ్చినా గోవాడ్ అనే ఆవరణలో ఇరవై రెండు పొయ్యిల మీదే వంతులవారీగా వండుకుంటారు. పొయ్యి దగ్గర కొట్లాట లేదు. మన ఇళ్లల్లో ఇద్దరు తోడికోడళ్లకు ఒక పొయ్యి చాలదు కదా! సిరికొండ కుమ్మర్లు చేసిన కొత్త కుండల్లో నీళ్లు తెచ్చి, ఆ మట్టీ నీళ్లతో ఆ ఇంటి ఆడబిడ్డలు, అల్లుళ్లు పుట్టలు చేస్తారు. అమావాస్య రాత్రి గోదావరి నీళ్లతో అభిషేకం అయ్యాక కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఇప్పుడున్న రాతి గుడిని మెస్రం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. ఎవరో వచ్చి చేసిపెడతారని చూడని ఊరు అది.

జనంలోంచి తల నెరిసిన ఒకాయన వచ్చి, సారు ముందు నిలబడి కాసేపు చూశాడు. కాళ్లకు దణ్ణం పెట్టాడు. సారు అతని పేరు చెప్పాలని చూశారు. పెదాలు కదిలాయి, పేరు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మా సారు చెయ్యి పట్టుకుని, "రాం రాం సార్" అన్నాడు.

"రాం రాం" అన్నారు సారు. తేటగా.

మర్నాడు పొద్దున చలికి జీపు అందుకోలేదు. డీజిల్ బండికి చలిలో ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. స్విచ్చు పట్టుకుని అర నిమిషం ఆగాను. ఆగలేక ముందే తిప్పితే బ్యాటరీ అయిపోతుంది. పాలు పొంగేదాకా నిలబడ్డ ఓపిక చాలు. రెండోసారికి అందుకుంది.

ఇప్పుడు వెనక కమాను కట్టలో బుష్షు చప్పుడు చేస్తోంది. సారే విని చెప్పారు. ఏం మార్చామో, ఎప్పుడు మార్చామో రాసిన కాగితం మా వంటింటి తలుపుకు, పాల లెక్క పక్కన వేలాడుతోంది. దాంట్లో "రాగి వాషర్లు — కొత్తవి" అని మా అబ్బాయి ఎర్ర ఇంకుతో రాసి పోయాడు.

మీరూ పాత బండిలో బయల్దేరుతున్నారా?

● ముందురోజే, బండి చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, బ్రేక్ ఆయిల్, స్టెప్నీతో సహా టైర్ల గాలి చూసుకోండి.

● వెంట ఉంచుకోవాల్సినవి: జాకీ, చక్రం పానా, దానికి తొడిగే పైపు, ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టరు, కొత్త రాగి వాషర్లు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, టార్చి, ఐదు లీటర్ల నీళ్లు, పాత బట్టలు.

● జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. గట్టి దిమ్మలు పెట్టండి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

● చీర కొంగు, జడ, గాజులు ఫ్యాను బెల్టుకు దూరం. నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని, జుట్టు ముడివేసుకునే చేస్తాను.

● చేతుల గ్రీజు పోవాలంటే ముందు పొడి చేతులకు కొబ్బరినూనె రుద్ది గుడ్డతో తుడవండి, తర్వాత శనగపిండి, ఆ తర్వాతే సబ్బు.

● తినడానికి సకినాలు, జొన్నరొట్టె, పల్లికారం రెండు రోజులు నిలవుంటాయి. పులిహోర మొదటి పూటకే. అందులో చింతపండు తొక్కు ఉంటే పారేయకండి, ఎందుకైనా పనికొస్తుంది!